ఫోమ్ మీద చిత్రిక

రెండు నెలల కిందట ఈ శీర్షికలో సర్ఫ్ బోర్డు ఎలా తయారవుతుందో రాశాను. అచ్చులో పోసిన ఫోమ్ దిమ్మెను, అంటే బ్లాంక్‌ను, రంపంతో ఆకారానికి కోస్తాం. ప్లేనర్‌తో, అంటే కరెంటు చిత్రికతో, మందం తీసి, ఇసుక కాగితంతో నున్నగా చేసి, చివర ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పోస్తాం. అది చదివి ఉత్తరాలు రాసినవాళ్లలో ఎక్కువమంది ప్లేనర్ గురించే అడిగారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

కొత్తగా చదువుతున్నవారి కోసం నా గురించి రెండు ముక్కలు. మాది భీమిలి. నాన్న వడ్రంగి. 2004లో కాలిఫోర్నియా వచ్చాను. పగలు మెషీన్ షాపులో పని చేసి, సాయంత్రం శాన్ క్లెమెంటేలో ఒక పెద్దాయన షేపింగ్ గదికి, అంటే బోర్డులు చెక్కే గదికి, వెళ్లేవాణ్ని. మొదటి ఆరు నెలలు పొట్టు ఊడ్చాను. ఇప్పుడు నా బోర్డులు నేనే చేస్తున్నాను.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉండేది శాన్ డియేగో. సొంతంగా ఒక బోర్డు చేసుకుందామని ఆరడుగుల మూడంగుళాల బ్లాంక్ కొన్నాను. ప్లేనర్ దగ్గర ఆగిపోయాను. పాత స్కిల్ 100 ప్లేనర్ దొరికితే తప్ప మొదలుపెట్టొద్దని ఒకరు, మామూలు మకీటా చాలని ఒకరు అంటున్నారు. ఏది కొనాలండీ?
— ఒక పాఠకుడు, శాన్ డియేగో

జవాబు: ముందు స్కిల్ 100కి అంత పేరు ఎందుకొచ్చిందో చెప్తాను. అది తెలిస్తే ఏది కొనాలో మీకే తెలుస్తుంది.

చెక్క చిత్రిక పట్టే వడ్రంగి లోతు ఒకసారి పెట్టుకుంటాడు. తలుపు అంచు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లోతున తెగాలి, అంతే. సర్ఫ్ బోర్డు అలా కాదు. మధ్యలో మందం, ముక్కు దగ్గర, తోక దగ్గర పలచన. పైగా నిలువునా వంపు ఉంటుంది. తోక దగ్గర మొదలుపెట్టి ముక్కు వైపు నడుస్తుంటే లోతు మెల్లగా పెరగాలి, మధ్యలో నిండుగా ఉండాలి, చివరికి మళ్లీ సున్నాకి రావాలి. ఇదంతా మెషీన్ ఆపకుండా, అడుగు ఆగకుండా జరగాలి. స్కిల్ 100లో ముందు పిడి దగ్గరున్న మీటను ఎడమ చేత్తో కదిపితే లోతు మారిపోతుంది. షేపర్లు, అంటే బోర్డులు చెక్కేవాళ్లు, దాన్ని వదల్లేకపోవడానికి కారణం ఆ ఒక్క సదుపాయమే. అది తయారుచేసింది చెక్క పని కోసం. ఫోమ్ వాళ్లకు అది అచ్చొచ్చింది.

ఇప్పుడు అది కొత్తది దొరకదు. పాతవి తిరిగి బాగుచేసి అమ్మేవాళ్లున్నారు, ధర బాగా ఎక్కువ. మొదటి బోర్డుకి మీరు అంత పెట్టొద్దు.

మామూలు షాపుల్లో దొరికే ప్లేనర్లన్నీ దాదాపు 82 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడువే, అంటే మూడుంపావు అంగుళాలు. మకీటా 1900బి తీసుకుంటే 580 వాట్లు, నిమిషానికి 16,000 చుట్లు, బరువు రెండున్నర కిలోలు, గరిష్ఠ లోతు ఒక మిల్లీమీటరు. మకీటాదే కేపీ0800 అయితే లోతు రెండున్నర మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. నడిచేటప్పుడు తెలుస్తుంది. మీ బ్లాంక్ మధ్యలో రెండు అంగుళాల ఏడు బై ఎనిమిది ఉందనుకోండి. మీకు రెండున్నర అంగుళాల బోర్డు కావాలి. తీయాల్సింది మూడు బై ఎనిమిది అంగుళం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ఇరవై అంగుళాల వెడల్పుకి పక్కపక్కనే ఏడు చాళ్లు పడతాయి. మిల్లీమీటరు చొప్పున తీస్తే చాలుకి పది నడకలు, మొత్తం డెబ్బై. పదహారో వంతు అంగుళం చొప్పున తీస్తే చాలుకి ఆరు, మొత్తం నలభై రెండు. నడక ఎక్కువైన కొద్దీ చేయి వణికే అవకాశాలూ ఎక్కువే. కాబట్టి రెండు మిల్లీమీటర్లకు తగ్గని లోతున్నది తీసుకోండి.

కొనే ముందు షాపులో రెండు పనులు చేయండి. ప్లగ్ పెట్టకుండానే, ముందు వైపున్న లోతు మార్చే గుబ్బను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో వెనక పిడి పట్టుకుని, నడుస్తున్నట్టు ఊహించుకుంటూ గుబ్బను తిప్పండి. మణికట్టు ఇబ్బంది పడకుండా సున్నా నుంచి రెండు మిల్లీమీటర్లకు, మళ్లీ సున్నాకు వెళ్లగలుగుతున్నారా? గుబ్బ క్లిక్ క్లిక్‌మని గీత గీతకూ పట్టుకుంటోందా? ఆ క్లిక్కులు వడ్రంగికి మేలు, మనకు అడ్డు. అనుభవం ఉన్నవాళ్లు గుబ్బ విప్పి ఆ పట్టు ఇచ్చే స్ప్రింగు తీసేస్తారు. అప్పుడు అది వెన్నలా తిరుగుతుంది. ఒకప్పుడు బ్లాంక్‌లు చేసే క్లార్క్ ఫోమ్ సంస్థ హిటాచీ ప్లేనర్లకు ఇలాంటి మార్పులే చేయించి షేపర్లకు అమ్మేది. మీరు మాత్రం మొదటి రెండు బోర్డులూ గుబ్బ విప్పకుండానే చేయండి. విప్పితే గ్యారంటీ పోతుంది. పైగా మీ చేతికి ఏం కావాలో మీకింకా తెలియదు.

రెండో పని, తిరగేసి వెనక పాదం, అంటే అడుగున బ్లేడు వెనక ఉండే చదును పలక, చూడండి. చాలా కొత్త మోడళ్లలో మెషీన్‌ను కింద పెట్టినప్పుడు బ్లేడు నేలకు తగలకుండా ఒక చిన్న ప్లాస్టిక్ కాలు దిగుతుంది. చెక్క మీద అది దానంతటదే పైకి ముడుచుకుంటుంది. ఫోమ్ మీద గీత పెడుతుంది. ఇంటికి తేగానే దాన్ని తీసేయండి. పాదాల అంచులు పదునుగా ఉంటే సన్నటి ఆకురాయితో కొంచెం గుండ్రం చేయండి. పక్కన బిగించే గైడు డబ్బాలోనే ఉంచేయండి.

క్లార్క్ ఫోమ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. గోర్డన్ క్లార్క్ 1961లో మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీ లగూనా నిగెల్‌లో ఉండేది. అమెరికాలో బ్లాంక్‌లు చాలావరకు అక్కడి నుంచే వచ్చేవి. 2005 డిసెంబరు 5, సోమవారం, ఉన్నట్టుండి మూసేశారు. ఆ సాయంత్రం నేను గదికి వెళ్లేసరికి పెద్దాయన గోడకు ఆనించిన బ్లాంక్‌లను లెక్కపెడుతున్నారు. పదకొండు ఉన్నాయి. ఆ రోజు నుంచి కొన్ని నెలలపాటు ఆయన నాకు ప్లేనర్ ఇవ్వలేదు. ఒక్క బ్లాంక్ పాడైనా ఇంకోటి వస్తుందన్న నమ్మకం లేదు. నేను పక్కన నిలబడి ఆయన ఎడమ చేతి బొటనవేలు మీట మీద ఎలా కదులుతుందో చూస్తూ ఉండేవాణ్ని. మెషీన్ గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ నెలల్లో చూసి నేర్చుకున్నదే.

ప్రశ్న: అన్నయ్యా, నేను రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను. బోర్డు కొనే స్థోమత లేదు. థర్మాకోల్ దిమ్మెలతో చేద్దామని మేమిద్దరం స్నేహితులం అనుకున్నాం. మా మావయ్య దగ్గర చెక్క పనికి వాడే బాష్ ప్లేనర్ ఉంది. దాంతో థర్మాకోల్ చెక్కొచ్చా? ప్యాకింగ్ ముక్క మీద పెట్టి చూస్తే గింజలు గింజలుగా ఊడిపోయింది.
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ వయసులో నేను అదే ఇసుకలో ఆడుకున్నాను. బోర్డు అన్నది అప్పుడు చూడనేలేదు.

చెక్కొచ్చు. థర్మాకోల్ అంటే ఈపీఎస్ ఫోమే, దాంతో చేసిన మంచి బోర్డులు ప్రపంచమంతా ఉన్నాయి. కానీ నువ్వు పెట్టి చూసింది టీవీ డబ్బాలో వచ్చే ముక్క. అది మరీ తేలిక, గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉండవు. ఎంత మంచి ప్లేనరైనా దాన్ని పీకేస్తుంది. కోల్డ్ స్టోరేజీలకు, ఇంటి కప్పులకు ఇన్సులేషన్ షీట్లు అమ్మే దుకాణాల్లో అడుగు. ఘనపు మీటరుకు 24 కిలోలకు తగ్గని దిమ్మె కావాలని చెప్పు. 30 దొరికితే ఇంకా మంచిది. గోరుతో నొక్కి చూడు. ప్యాకింగ్ ముక్కలో గోరు దిగిపోతుంది, ఇందులో గుర్తు మాత్రమే పడుతుంది.

ఈపీఎస్‌కి ప్లేనర్ పని వీలైనంత తగ్గించుకోవాలి. వంపును, పెద్ద మందాన్ని వేడి తీగతో కోసేయండి. నైక్రోమ్ తీగను విల్లులా బిగించి, కరెంటుతో వేడి చేసి, దిమ్మెకు రెండు పక్కలా ప్లైవుడ్ మూసలు బిగించి వాటి మీదుగా లాగుతారు. దాని కరెంటు సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే కట్టించుకోండి. పొగ పీల్చకుండా ఆరుబయట చేయండి. తీగ సరిగ్గా నడిస్తే ప్లేనర్‌కు మిగిలేది నాలుగైదు మిల్లీమీటర్లే.

ఆ నాలుగైదుకీ మీ మావయ్యగారి మెషీన్ పనికొస్తుంది. బాష్ వాళ్ల జీహెచ్‌ఓ 6500 అయితే 650 వాట్లు, లోతు 2.6 మిల్లీమీటర్లు. నీకు కావలసినదానికన్నా ఎక్కువే. బ్లేడ్లు మాత్రం కొత్తవి వేయించు. టేకు చెక్కను, మేకులను చూసిన బ్లేడు ఈపీఎస్ మీద పెడితే గింజను కోయదు, పట్టుకుని లాగుతుంది. లోతు అర మిల్లీమీటరు దాటనివ్వకు. మెల్లగా నడువు. ఇక్కడ చాలామంది ఈపీఎస్‌కి బ్లేడ్ల డ్రమ్ము తీసేసి, దాని బదులు గరుకు రేణువులు అతికించిన డ్రమ్ము వేస్తారు. అది కోయదు, రాస్తుంది. గింజ ఊడే బెడద చాలా తగ్గిపోతుంది. నువ్వు ఇప్పుడు దానికోసం వెతకొద్దు. చివరి రెండు మిల్లీమీటర్లు ఒక చదునైన చెక్క పలకకు 60 నంబరు ఇసుక కాగితం అతికించి చేత్తో రుద్దెయ్. మెషీన్ కన్నా నీ చేతికే ఆకారం బాగా తెలుస్తుంది.

ఇంకొకటి, చాలా ముఖ్యం. థర్మాకోల్ మీద మామూలు పాలిస్టర్ రెజిన్ పోయకు. కళ్లముందే కరిగిపోతుంది. ఎపాక్సీ మాత్రమే. ముందు తీసేసిన ముక్క మీద పోసి ఒక రాత్రి ఉంచి చూడు.

పని అయ్యాక ప్లేనర్‌ను శుభ్రం చేసి, బ్లేడ్లకు పలచగా నూనె రాసి మావయ్యగారికి ఇవ్వు. సముద్రపు గాలికి అక్కడ రెండు రోజుల్లో తుప్పు పడుతుంది. మళ్లీ ఫోమ్ మీద పెట్టేముందు ఆ నూనె పూర్తిగా తుడిచెయ్యాలి. నూనె మరక ఉన్న చోట రెజిన్ పట్టదు.

ప్రశ్న: నాకు కార్ఖానాలో రందా మెషీన్లతో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. మా అబ్బాయి కోవళంలో సర్ఫింగ్ చేస్తాడు, వాడికోసం ఒక బోర్డు చేసిపెట్టాలని ఉంది. ఫోమ్ మీద ప్లేనర్ పెడితే ప్రతి నడక చివరా చిన్న గుంట పడుతోంది. చెక్క మీద ఇలా పడదు. తప్పు ఎక్కడ?
— ఒక వడ్రంగి, హైదరాబాద్

జవాబు: అయ్యా, మీకు నేను చెప్పేదేముంది అనిపిస్తోంది. కానీ అడిగారు కాబట్టి, నాకు ఎదురైందే చెప్తాను.

చెక్క మీద కూడా ఆ గుంట పడుతూనే ఉంటుంది, చెక్క గట్టిది కాబట్టి కనిపించదు. మన మెషీన్‌లో వెనక పాదం కదలదు. ముందు పాదం పైకి కిందికి జరుగుతుంది, ఆ తేడాయే లోతు. కాబట్టి బ్లేడు అంచు తిరుగుతూ పై ఎత్తుకు వచ్చినప్పుడు వెనక పాదంతో సరిసమానంగా ఉండాలి. బ్లేడు ఏమాత్రం పొడుగ్గా ఉన్నా, ముందు పాదం బోర్డు దాటి గాల్లోకి వెళ్లగానే మెషీన్ బరువు వెనక పాదం మీదే పడి బ్లేడు దిగబడుతుంది. అదే ఆ గుంట. పొట్టిగా ఉంటే ఇంకో రకం. మొదట తెగుతుంది, నడిచేకొద్దీ తెగడం మానేసి పైకి తేలుతుంది.

ప్లగ్ తీసేయండి. మెషీన్‌ను తలకిందులుగా ఒళ్లో పెట్టుకోండి. ఆరంగుళాల స్టీలు స్కేలును వెనక పాదం మీద నిలువునా, అంచు మీద నిలబెట్టి, సగం డ్రమ్ము మీదికి వచ్చేలా ఉంచండి. ఇప్పుడు డ్రమ్మును చేత్తో నెమ్మదిగా తిప్పండి. బ్లేడు స్కేలును తాకీ తాకనట్టు గీరుకుంటూ వెళ్లాలి. వెలుతురులో చూస్తే స్కేలు కదలకూడదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా "సిర్" అని వినిపించాలి. స్కేలు కొంచెం ముందుకు జరిగితే బ్లేడు పొడుగు. చప్పుడే లేకపోతే పొట్టి. ఎడమ చివర, మధ్య, కుడి చివర, మూడు చోట్లా ఇలా చూడండి. తర్వాత రెండో బ్లేడు. రెండూ ఒకే ఎత్తున లేకపోతే పని చేసేది ఒక్కటే, రెండోది ఊరికే తిరుగుతుంది.

ఆ రెండోది ఎంత ముఖ్యమో ఒక లెక్క చెప్తాను. నిమిషానికి 16,000 చుట్లంటే సెకనుకు 267. రెండు బ్లేడ్లు కాబట్టి 533 కోతలు. ఆరడుగుల బోర్డును నాలుగు సెకన్లలో నడిస్తే సెకనుకు 457 మిల్లీమీటర్లు. ఒక్కో కోతకు ముప్పాతిక మిల్లీమీటరు పైమాట. ఒక బ్లేడే పనిచేస్తే కోతకు కోతకు మధ్య దూరం రెట్టింపు అవుతుంది. ఫోమ్ మీద వేలు పెట్టి లాగితే చీపురు పుల్లల మీద లాగినట్టుంటుంది.

బ్లేడు సరిగ్గా ఉండి కూడా గుంట పడుతుంటే పాదాలు చూడండి. చాలా ఏళ్ల కిందట ఒకాయన దగ్గర పాత ప్లేనర్ కొన్నాను. పైకి మెరుస్తోంది. మొదటి బోర్డులోనే ఎడమ పక్క చాళ్లన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. నా నడకే తప్పనుకుని వారం రోజులు అలాగే చేశాను, ఒక బ్లాంక్ పూర్తిగా పాడైంది. చివరికి లోతు సున్నాలో పెట్టి, రెండు పాదాల మీదా పొడుగాటి స్టీలు బద్ద వేసి, వెనక దీపం పెట్టి చూస్తే ముందు పాదం ఒక మూల కింద నుంచి వెలుతురు వస్తోంది. ఎప్పుడో కింద పడింది, వంగింది. నాకు అమ్మినాయన ఆ మాట చెప్పలేదు. అప్పటి నుంచి పాత మెషీన్ కొనాలంటే జేబులో బద్ద లేకుండా వెళ్లను. మీరు కూడా ఆ దీపం పరీక్ష ఒకసారి చేసి చూడండి.

బ్లేడ్ల సంగతి మీకు తెలిసిందే. హెచ్‌ఎస్‌ఎస్, అంటే హైస్పీడ్ స్టీలు, బ్లేడును సానరాయి మీద మీరే పట్టుకోవచ్చు, రెండింటినీ జతగా, సమానంగా. కార్బైడ్‌వి రెండంచులవి, ఒక పక్క అరిగితే తిప్పి వేసుకోవడమే. ఫోమ్ కోసం నేను కార్బైడే వాడతాను. నాన్న బతికుంటే ఒప్పుకునేవారు కాదు, ఆయనకు సానరాయి మీద తీసిన అంచే అంచు.

ప్రశ్న: నేను చేస్తున్న రెండో బోర్డు ఇది. మధ్యలో ఉన్న చెక్క బద్ద, స్ట్రింగర్, గట్టులా పైకి నిలబడిపోతోంది. దానికి ఆనుకుని రెండు పక్కలా ఫోమ్ చిరిగినట్టు అవుతోంది. ప్లేనర్ మార్చాలా?
— ఒక పాఠకురాలు, గోల్డ్ కోస్ట్, ఆస్ట్రేలియా

జవాబు: ప్లేనర్ మార్చొద్దు, బ్లేడు మార్చండి. మొద్దుబారిన బ్లేడుకు ఫోమ్ లొంగుతుంది, చెక్క లొంగదు. మెషీన్ చెక్క మీద ఎగిరి, పక్కన ఫోమ్‌లోకి దిగుతుంది. చెవితో కూడా పట్టొచ్చు. ఫోమ్ మీద ఈల వేసినట్టున్న చప్పుడు స్ట్రింగర్ మీదికి రాగానే కొంచెం బొంగురు పోవాలి, అంతే. "టక టక" కొడుతుంటే బ్లేడు పోయినట్టు. స్ట్రింగర్‌ను అతికించిన జిగురు గీత చెక్క కన్నా గట్టిగా ఉంటుంది. బ్లేడులో ముందుగా అరిగేది ఆ గీత తగిలే చోటే. అందుకని రోజూ ఒకే చోట స్ట్రింగర్ పడకుండా, ఒక బోర్డుకు బ్లేడు ఎడమ వైపు, ఇంకో బోర్డుకు కుడి వైపు వాడుకోండి.

కొత్త బ్లేడుతోనూ ఒక చోట మాత్రమే చిరుగుతుంటే అక్కడ చెక్క నార ఎదురు తిరిగింది. ఆ జానెడు దూరాన్ని అవతలి వైపు నుంచి నడవండి. చివర్లో మిగిలే కాగితమంత ఎత్తును ప్లేనర్‌తో తీయడానికి ప్రయత్నించొద్దు. అరచేతిలో పట్టే చిన్న చేతి చిత్రిక ఒకటి కొనుక్కోండి, స్ట్రింగర్ వెడల్పు మేరకే తగిలేలా కొంచెం ఏటవాలుగా పట్టి లాగండి. పొట్టు రిబ్బనులా చుట్టుకుంటూ వస్తే పదును సరిగ్గా ఉన్నట్టు. పొడిలా రాలితే సానపట్టాలి.

గట్టు కనిపించాలంటే వెలుతురు పక్క నుంచి రావాలండీ. మా గదిలో పైన దీపం లేదు. రెండు పక్క గోడలకూ బోర్డు ఎత్తుకన్నా కొంచెం పైన గోడ పొడవునా ట్యూబులైట్లు, గోడలకు ముదురు నీలం రంగు. తెల్లటి ఫోమ్ మీద ఆ అడ్డ వెలుతురులో వెంట్రుకంత గట్టు కూడా నీడ వేస్తుంది. కళ్లకు కనిపించనిది ప్లేనర్ సరిచేయలేదు. మీ గరాజ్‌లో పైదీపం ఆపేసి రెండు లైట్లు పక్కన పెట్టి చూడండి, ఇంతకుముందు కనిపించనివన్నీ బయటపడతాయి.

ఇంకో సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. పీయూ (పాలీయురేథేన్) బ్లాంక్‌కు పైపొర గట్టిది, లోపలికి వెళ్లేకొద్దీ మెత్తన. అందుకే మందం ఎక్కువగా అడుగు వైపు నుంచి తీసి, నిలబడే పైభాగాన్ని తక్కువ ముట్టుకుంటాం. పై నుంచి ఎక్కువ తీసేస్తే నెల తిరక్కుండానే మడమల గుంటలు పడతాయి.

ప్రశ్న: మా ఆయన గరాజ్‌లో బోర్డులు చేస్తున్నారు. తెల్లటి దుమ్ము ఇంట్లో సోఫా మీద కూడా కనిపిస్తోంది. మాకు నాలుగేళ్ల పాప ఉంది. చెప్తే "ఫోమే కదా, ఏం కాదు" అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: అమ్మా, మీరు భయపడటంలో తప్పు లేదు. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.

అది ఫోమే, కానీ ప్లేనర్ నుంచి వచ్చేదంతా పెద్ద పొట్టు కాదు. కంటికి కనిపించని సన్నటి దుమ్ము గంటల తరబడి గాల్లో తేలుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఫోమ్ దుమ్ముకు స్థిర విద్యుత్తు ఎక్కువ, బట్టలకు, జుట్టుకు అంటుకుని ఇంట్లోకి వచ్చేది అందుకే. ఫైబర్ గుడ్డ, రెజిన్ ఇసుక కాగితం పట్టినప్పుడు వచ్చే దుమ్ము ఇంకా చెడ్డది.

ఆయన చేయాల్సినవి చెప్తాను. పి100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు వాడాలి. గుడ్డ మాస్కు చాలదు. గడ్డం ఉంటే మాస్కు అంచు పట్టదు, గడ్డం గీసేసుకోవాలి. ప్లేనర్ పొట్టు వచ్చే గొట్టానికి వ్యాక్యూమ్ బిగించాలి. గొట్టాన్ని, కరెంటు వైరును పై నుంచి వేలాడదీస్తే నడకకు అడ్డం రావు, వైరు బ్లేడు కిందికీ రాదు. ఇంట్లోకి తెరుచుకునే తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయాలి. పని బట్టలు గరాజ్‌లోనే విప్పి, తల కడుక్కున్నాకే పాపను ఎత్తుకోవాలి. చెవులకు కూడా అడ్డు పెట్టుకోమనండి. ఆ మెషీన్ చప్పుడు రోజూ గంటల తరబడి వినాల్సినది కాదు.

పనివేళల్లో పాప గరాజ్‌లోకి రాకూడదు. ఆపాక కూడా డ్రమ్ము కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినొద్దు, మీ మాటే నెగ్గాలి.

ప్రశ్న: ప్లేనర్ కొని ఏడాదైంది. ఈమధ్య వెనక నుంచి నిప్పురవ్వలు కనిపిస్తున్నాయి, కాలిన వాసన. కొత్తది కొనాల్సిందేనా?
— ఒక పాఠకుడు, ఓషన్‌సైడ్

జవాబు: వద్దు. ముందు కార్బన్ బ్రష్‌లు చూడండి. మోటారుకు రెండు పక్కలా గుండ్రటి మూతలుంటాయి, స్క్రూడ్రైవర్‌తో విప్పితే చిన్న నల్లటి ముక్కలు స్ప్రింగుతో బయటికి వస్తాయి. వాటి మీద అరుగుదల గీత ఉంటుంది. అక్కడి దాకా వచ్చేస్తే రెండింటినీ కలిపి మార్చాలి. ఖర్చు చాలా తక్కువ. పొడవు బాగానే ఉంటే అవి గూట్లో స్వేచ్ఛగా జారుతున్నాయో లేదో చూడండి. చల్లగాలి కోసం మోటారు పీల్చుకునే దారిలోనే ఫోమ్ దుమ్ము లోపలికి వెళ్లి, ఆ గూళ్లలో మైదాపిండిలా గట్టిపడుతుంది. బ్రష్ ఇరుక్కుంటుంది, రవ్వలు వస్తాయి. పొడి గుడ్డతో తుడిచి తిరిగి పెట్టండి. తర్వాత కూడా రవ్వలు ఆగకపోతే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) సంగతి, రిపేరు షాపుకి ఇవ్వండి.

ఇక మీదట ప్రతి బోర్డు అయ్యాక అయిదు నిమిషాలు దానికి ఇవ్వండి. ప్లగ్ తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, గాలి రంధ్రాల్లోంచి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టండి. బ్లేడ్ల చుట్టూ, పొట్టు గొట్టంలో పెయింటు బ్రష్‌తో దులపండి. నాలుగైదు బోర్డులకు ఒకసారి పక్క మూత విప్పి బెల్టు చూడండి, పళ్ల మధ్య పగుళ్లుంటే మార్చేయాలి. డ్రమ్మును చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు పోతున్నట్టు. ఇంకా తిరుగుతోంది కదా అని వాడితే బ్లేడు వణికి, బోర్డంతా అలలు అలలుగా వస్తుంది.

ఒకటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. పాత బోర్డు రిపేరుకని, ఫైబర్ గుడ్డ మీద ఈ ప్లేనర్ పెట్టొద్దు. గాజు పోగులు ఒక్క నడకలో అంచు తినేస్తాయి. ముందు గుడ్డ ఒలిచేసి, తర్వాతే ఫోమ్ మీదికి రండి.

ప్రశ్న: ఇప్పుడు కంప్యూటర్ మెషీన్లే బోర్డులు కోసేస్తున్నాయి కదా, ప్లేనర్ నేర్చుకోవడం ఎందుకు?
— ఒక పాఠకుడు, సన్నీవేల్

జవాబు: మెషీన్ కోసిన బోర్డులు నేనూ చేస్తాను. పది బోర్డులు ఒకేలా కావాలంటే అదే దారి. కానీ కంప్యూటర్‌లో గీసే వంపు ఎలా ఉండాలో చేతికి తెలియాలి. మెషీన్ వదిలిన గీతలను తీసేటప్పుడు అంచు ఎక్కడ మెత్తబడాలి, ఎక్కడ పదునుగా నిలవాలి అన్నది వేళ్లే చెప్తాయి. ఆ వేళ్లకు చదువు ప్లేనర్ దగ్గరే వచ్చింది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య పాత స్కిల్ 100 సంక్రాంతికి తెచ్చి ఇస్తానన్నాడు. విశాఖలో మన కరెంటు మీద నడుస్తుందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నేరుగా పెట్టొద్దు. అమెరికాది 120 వోల్టులు, మనది 230. పెట్టగానే మోటారు కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేనర్ మీద బిళ్లపై ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది, దాన్ని 120తో గుణించండి. ఆరు ఆంపియర్లయితే 720 వాట్లు. స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి దానికి రెట్టింపు పైన, 1,500 వీఏది తీసుకోండి. 50 హెర్ట్‌జ్ అని రాసి ఉన్నదే కొనండి. బ్రష్ మోటారు కాబట్టి మన 50 హెర్ట్‌జ్ వల్ల ప్లేనర్‌కు ఇబ్బంది లేదు.

దాని శరీరం మొత్తం అల్యూమినియం. లోపల ఎక్కడ వైరు ఊడినా షాకు మీ చేతికే. కాబట్టి అన్నయ్య తేగానే ఆన్ చేయకండి. ఎలక్ట్రీషియన్‌తో పాత వైరు తీయించి, ఎర్తింగ్ ఉన్న మూడు వైర్ల కేబుల్ వేయించండి. ప్లేనర్ శరీరానికి, ప్లగ్ ఎర్త్ పిన్నుకు మధ్య మీటరు పెట్టి చూపించమనండి. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక కూడా ఆ ఎర్త్ తెగకుండా ఉండాలి. బయల్దేరే ముందు అన్నయ్యను రెండు జతల బ్లేడ్లు, ఒక బెల్టు, ఒక జత కార్బన్ బ్రష్‌లు కూడా సూట్‌కేసులో పెట్టుకోమనండి. పాత మోడల్ కదా, అమెరికాలో వెతికితే దొరుకుతాయి, విశాఖలో దొరకవు. బ్లేడ్లను చేతి సంచిలో కాకుండా చెక్ ఇన్ చేసే పెట్టెలోనే పెట్టాలి.